లోక్‌సభకు వేళలు కుదిర్చిన తిరుచానూరు ప్లీడరు

1951 అక్టోబరు రెండో వారం. కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకున్న డాక్టర్ అంబేడ్కర్ తన రాజీనామాకు కారణాలు చెప్పేందుకు పార్లమెంటుకు వచ్చారు. స్పీకర్ కుర్చీలో డిప్యూటీ స్పీకర్ ఉన్నారు. ప్రకటన ప్రతిని ముందుగా తమకు ఇవ్వాలని, సాయంత్రం 6 గంటలకు చదవవచ్చని ఆయన చెప్పారు. ముందే చూస్తామనడం సెన్సారు కాదా అని సభ్యుల నుంచి ప్రశ్న వచ్చింది. సెన్సారు కాదు, సంబంధంలేని మాటలు గానీ ఒకరి పరువుకు భంగం కలిగించే మాటలు గానీ ఉండకుండా చూడటానికేనని కుర్చీ నుంచి జవాబు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. అప్పటికప్పుడు సభ విడిచి బయటికి వెళ్లిపోయారు. ఆ ప్రకటన పార్లమెంటులో వినిపించలేదు. పత్రికల వారి చేతికి వెళ్లింది, అక్కడి నుంచి దేశమంతా చదివింది.

ఆ రోజు కుర్చీలో ఉన్నది మాడభూషి అనంతశయనం అయ్యంగార్. చిత్తూరులో వకాలతు చేసిన తిరుచానూరు మనిషి. స్వతంత్ర భారత లోక్‌సభకు మొదటి డిప్యూటీ స్పీకర్, రెండో స్పీకర్. తెలుగు నేల నుంచి ఆ పీఠం ఎక్కినవారిలో ఆయనే మొదటివారు. నీలం సంజీవరెడ్డి, బాలయోగి ఆయన తర్వాతివారు. వారిద్దరి పేర్లు జనానికి గుర్తున్నంతగా అయ్యంగార్ పేరు గుర్తులేదు. ఒక సభ రోజు ఎలా మొదలై ఎలా ముగియాలి, ఏ విషయానికి ఎన్ని గంటలు, ఎవరి మాట ముందు, ఎవరిది వెనక అనే లెక్కలు కుదురుకున్న పదేళ్లలో ఆ కుర్చీ చుట్టుపక్కల నిరంతరం ఉన్నది మాత్రం ఆయనే.

అంబేడ్కర్ ఘట్టంలో అయ్యంగార్‌ను తప్పుపట్టడం సులువు. రాజ్యాంగ ముసాయిదాకు సారథ్యం వహించిన వ్యక్తిని కాగితం చూపించి మాట్లాడమనడం ఏ కాలంలో చదివినా ఎబ్బెట్టుగానే ఉంటుంది. పైగా ఆ రాజీనామా వెనకున్న ప్రధాన ఫిర్యాదు కూడా సభాసమయం గురించినదే. హిందూ కోడ్ బిల్లు ఓటింగులో ఓడిపోలేదు. 1947లో సభ ముందుకొచ్చి, ఏళ్ల తరబడి నానుతూ, 1951 సెప్టెంబరులో 4 క్లాజులు గట్టెక్కాక వ్యవధి లేదన్న కారణంతో పక్కకు పోయింది. గడువు చాలక చచ్చిన బిల్లు గురించి చెప్పబోయిన మంత్రికి, చెప్పే గడియ ఇది కాదని జవాబు దొరికింది. అయితే అయ్యంగార్ పట్టుబట్టిన పద్ధతి మాత్రం పోలేదు. రాజీనామా చేసిన మంత్రి ప్రకటన చేయదలిస్తే ఒక రోజు ముందు దాని ప్రతిని స్పీకర్‌కు, సభా నాయకుడికి అందజేయాలని లోక్‌సభ నియమావళిలోని 199వ నియమం నేటికీ చెబుతుంది.

లెక్కల మాస్టారు, ఎమ్డెన్

అయ్యంగార్ 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. తిరుపతి దేవస్థానం హైస్కూలు, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాల, ఆపైన లా కాలేజీ. కొన్నాళ్లు లెక్కలు చెప్పారు. 1915 నుంచి చిత్తూరులో ప్లీడరు. గాంధీ పిలుపు విని సహాయ నిరాకరణ కాలంలో కోర్టుకు వెళ్లడం మానేశారు. తర్వాత వ్యక్తి సత్యాగ్రహంలోనూ, క్విట్ ఇండియాలోనూ జైలు చూశారు. ఆ తరం కాంగ్రెస్ వకీళ్లలో చాలామంది జీవితం ఇంచుమించు ఇలాగే నడిచింది కనుక ఇక్కడ ఎక్కువ ఆగనక్కర్లేదు.

ఆయన దారి వేరుపడింది 1934లో. ఆ ఏడాది కేంద్ర శాసనసభ ఎన్నికల్లో దత్త మండలాలు, చిత్తూరు తరఫున ఢిల్లీ వెళ్లారు. ఎన్.జి. రంగా, వి.వి. గిరి కూడా అదే సభలో ఉన్నారు. కాంగ్రెస్ పక్షానికి భూలాభాయ్ దేశాయ్ నాయకుడు, ఉపన్యాసాల్లో సత్యమూర్తికి ఎదురులేదు. అంతటి వక్తల మధ్య అయ్యంగార్‌కు పేరు తెచ్చినవి గంభీరమైన ఉపన్యాసాలు కావు, ప్రశ్నలు, అనుబంధ ప్రశ్నలు, పద్దుల మీద పట్టు. రైల్వే బడ్జెట్ వస్తే అంకెలు తీసి బ్రిటిష్ అధికారులను నిలదీసేవారు. ఒక యూరోపియన్ పత్రిక ఆయన్ను ఆ సభకు ఎమ్డెన్ అని వర్ణించింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించి మాయమైన జర్మన్ యుద్ధనౌక పేరది. దక్షిణాదిలో గడుగ్గాయిని, తెగువ గలవాణ్ని ఎమ్డెన్ అనడం అప్పటికే వాడుక. తిరుచానూరు నుంచి వచ్చిన మనిషికి ఇంతకంటే నప్పే బిరుదు దొరకదు.

ఆ అనుభవం ఒక ముఖ్యమైన పాఠం చెప్పింది. వలస పాలకుల సభలో సర్కారు పనికే పెద్దపీట. ప్రతిపక్షానికి మిగిలేది ప్రశ్న, వాయిదా తీర్మానం, కోత తీర్మానం. ఆ కాస్త సందులోంచే ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టడం ఎలాగో తెలిసినవాడు, రేపు తానే కుర్చీలో కూర్చుంటే ఆ సందులు మూస్తాడా తెరుస్తాడా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. అయ్యంగార్ విషయంలో జవాబు రెండు వైపులా ఉంది.

గాంధీ హత్య జరిగిన రెండు నెలలకు, 1948 ఏప్రిల్ 3న, రాజ్యాంగ సభ శాసన విభాగంలో ఆయన ప్రైవేటు సభ్యుడిగా తెచ్చిన తీర్మానం ఆమోదం పొందింది. మతం, కులం ప్రాతిపదికన సభ్యత్వం ఇచ్చే సంస్థలకు రాజకీయ కార్యకలాపాల్లో తావు ఉండకూడదన్నది దాని సారాంశం. ప్రధాని నెహ్రూ ప్రభుత్వం తరఫున దాన్ని అంగీకరించారు. ఆచరణలో ఏమైందన్నది వేరే కథ. ఆ ఏడాదే ఆయన డిప్యూటీ స్పీకర్ అయ్యారు. 1950లో అంచనాల కమిటీ మొదటిసారి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడూ ఆయనే. ప్రభుత్వ శాఖల ఖర్చులో పొదుపు ఎక్కడ సాధ్యమో వెతికే కమిటీ అది. లెక్కల మాస్టారికి తగిన పని.

రోజును పంచడం

మొదటి లోక్‌సభ 1952 మే 13న కొలువుదీరింది. అయిదేళ్లలో 677 రోజులు సమావేశమైంది. ఇన్ని రోజులు నడిచిన సభకు ఏ రోజు ఏం చేయాలో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. అంతకుముందు ఆ పని ప్రధానంగా ప్రభుత్వం చేతిలో ఉండేది. 1952 జూలై 14న స్పీకర్ మావలంకర్ సభా వ్యవహారాల సలహా సంఘాన్ని ఏర్పరిచారు. నేడు శాసనసభ సమావేశాల ముందు తెలుగు పత్రికల్లో కనిపించే బీఏసీకి ఢిల్లీ మూలం ఇదే. స్పీకర్ అధ్యక్షుడు, 15 మంది సభ్యులు, అందులో ప్రతిపక్షాల వారూ ఉంటారు. ఏ బిల్లుకు ఎన్ని గంటలు, ఏ పద్దుకు ఎంత చర్చ అన్నది అక్కడ మాట్లాడుకుని సభకు నివేదిస్తారు. సభ ఒప్పుకుంటే అది ఆదేశం. ఆ గడువు ముగిసేసరికి మిగిలిన క్లాజులన్నీ వరసగా ఓటింగుకు వెళ్లాల్సిందే. బడ్జెట్ పద్దుల విషయంలో దీనికే గిలెటిన్ అని పేరు. చర్చకు రాని శాఖల పద్దులు కూడా చివరి రోజు సాయంత్రం ఒక్క ఊపులో గట్టెక్కిపోతాయి.

మావలంకర్ కట్టిన ఈ ఇంట్లో రోజువారీ కాపురం చేసింది చాలావరకు అయ్యంగార్. డిప్యూటీ స్పీకర్ అంటే స్పీకర్ లేనప్పుడు కుర్చీలో కూర్చునే మనిషి మాత్రమే కాదు. 1953 చివరలో ప్రైవేటు సభ్యుల బిల్లులు, తీర్మానాల కమిటీ వచ్చింది. దానికి డిప్యూటీ స్పీకరే అధ్యక్షుడు. మంత్రులు కాని సభ్యులు తెచ్చే బిల్లులకు వారంలో దొరికేది శుక్రవారం చివరి రెండున్నర గంటలు. ఆ కాస్త జాగా కోసం పదుల కొద్దీ బిల్లులు క్యూ కడతాయి. ఏది అత్యవసరం, ఏది కాదు అని వర్గీకరించి, లాటరీ తీసి, ఒక్కోదానికి వ్యవధి కేటాయించాలి. చూడటానికి గుమాస్తా పని. కానీ ఆ రెండున్నర గంటల్లోంచే 1956లో ఫిరోజ్ గాంధీ బిల్లు చట్టమైంది. పార్లమెంటులో జరిగిన దాన్ని ఉన్నదున్నట్టు, దురుద్దేశం లేకుండా ప్రచురించిన పత్రిక మీద దావా వేయకుండా రక్షణ ఇచ్చిన చట్టం అది. ప్రతిరోజూ సభా వార్తలు రాసే విలేఖరికి ఆ శుక్రవారాల విలువ తెలుస్తుంది.

ఇలా ఏర్పడ్డ పద్ధతుల ఎముకల గూడు ఇప్పటికీ అదే. రాయ్‌పూర్ పక్కన ధర్సీవా ప్రాంతంలోని సిల్తరా కర్మాగారాల పొగ గురించి అక్కడి ఎంపీ అడగాలన్నా, తిరుపతి రైళ్ల గురించి ఇక్కడి ఎంపీ అడగాలన్నా ఒకే మెట్లు ఎక్కాలి. ముందుగా నోటీసు, దాని పరిశీలన, బ్యాలెట్. నక్షత్ర గుర్తు పడి మంత్రి నోటితో జవాబు వినాలంటే రోజుకు 20 ప్రశ్నల జాబితాలో పేరు రావాలి. ఆ జాబితాలోనూ పైవరసల్లో లేకపోతే గంట కాలం సరిపోదు, జవాబు కాగితం మీదే మిగిలిపోతుంది.

1954 డిసెంబరు 18న అయ్యంగార్‌కు ఓ అరుదైన పరీక్ష ఎదురైంది. స్పీకర్ మావలంకర్‌ను తొలగించాలని ప్రతిపక్షం తీర్మానం తెచ్చింది. పక్షపాతం చూపుతున్నారని ఆరోపణ. తన తొలగింపు మీద చర్చ జరిగేటప్పుడు స్పీకర్ కుర్చీలో ఉండకూడదని రాజ్యాంగం 96వ అధికరణం చెబుతుంది. కుర్చీ అయ్యంగార్‌ది అయింది. తన పై అధికారి లాంటి మనిషి మీద, తాను రోజూ అమలు చేసే పద్ధతుల మీదే ఫిర్యాదు. చర్చలో ఎక్కువ సమయం ప్రతిపక్షానికే ఇవ్వమని నెహ్రూ కోరారు. తీర్మానం వీగిపోయింది. సభ ఆ తీర్మానాన్ని తప్పించుకోకుండా విని, తేల్చి, మర్నాటి పనిలోకి వెళ్లింది. ఇప్పటి సభలను చూస్తే ఇది చిన్న విషయం అనిపించదు.

స్పీకర్ అయ్యాక

మావలంకర్ 1956 ఫిబ్రవరి 27న మరణించారు. మార్చి 8న అయ్యంగార్ స్పీకర్ అయ్యారు. ఆ వేసవి, వర్షాకాలం రాష్ట్రాల పునర్విభజన బిల్లుతోనే గడిచాయి. ఆంధ్రప్రదేశ్ అవతరణకు దారితీసిన ఆ చర్చలు సాగిన సభకు అధ్యక్షత వహించినది చిత్తూరు జిల్లావాసి. హిందూ కోడ్ బిల్లు కూడా ముక్కలు ముక్కలుగా ఈ కాలంలోనే గట్టెక్కింది. 1955లో వివాహ చట్టం, 1956 జూన్‌లో వారసత్వ చట్టం. 1951లో వ్యవధి చాలని సరుకంతా విడివిడి బిల్లులుగా వస్తే వ్యవధి చాలింది. చట్టసభలో కాలం కరవు అన్నది చాలాసార్లు సంకల్పం కరవుకు మర్యాదపూర్వకమైన పేరు.

1957లో రెండో లోక్‌సభ వచ్చింది. అయ్యంగార్ ఈసారి చిత్తూరు నుంచి గెలిచి మళ్లీ స్పీకర్ అయ్యారు. ఆ సభలో కాంగ్రెస్‌కు భారీ మెజారిటీ ఉన్నా ఎదుటి బెంచీలు తేలికైనవి కావు. డాంగే, కృపలానీ, అశోక్ మెహతా, హీరేన్ ముఖర్జీ ఉన్నారు. కొత్తగా వచ్చిన జనసంఘ్ యువకుడు అటల్ బిహారీ వాజ్‌పేయి. సభలో మంచి ఇంగ్లీషు హీరేన్ ముఖర్జీదైతే, మంచి హిందీ వాజ్‌పేయిదని అయ్యంగార్ మెచ్చుకున్నారని చెబుతారు. కాంగ్రెస్ వెనక బెంచీల్లో ఛత్తీస్‌గఢ్ బలోదా బజార్ నుంచి తొలిసారి గెలిచిన విద్యాచరణ్ శుక్లా ఉన్నారు. రాయ్‌పూర్‌లో పుట్టిన ఈయన 1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వంలో పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి అయ్యారు. మెజారిటీ లేని ప్రభుత్వానికి సభా కార్యక్రమం సమకూర్చే కష్టం ఆయనది. అయ్యంగార్ కాలంలో అలాంటి తలనొప్పి లేదు. మెజారిటీ ఎంత ఎక్కువైతే ప్రతిపక్షానికి జాగా ఎలా మిగల్చాలన్నదే అప్పటి సమస్య.

ఆ సమస్యకు అయ్యంగార్ సభ ఇచ్చిన గట్టి జవాబు ముంధ్రా వ్యవహారం. జీవిత బీమా సంస్థ డబ్బు హరిదాస్ ముంధ్రా కంపెనీల వాటాల్లోకి వెళ్లిందన్న సంగతి మొదట ప్రశ్నోత్తరాల్లో తలెత్తింది. మంత్రి జవాబు సభ్యులకు సరిపోలేదు. 1957 డిసెంబరు 16న దాని మీద చర్చ జరిగింది. అధికార పక్షానికే చెందిన, ప్రధాని అల్లుడైన ఫిరోజ్ గాంధీ పత్రాలు ముందు పెట్టుకుని ఆర్థిక శాఖను నిలదీశారు. చాగ్లా విచారణ కమిషన్ వచ్చింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఇందులో ఘనత ఫిరోజ్ గాంధీది, సందేహం లేదు. కానీ సొంత ప్రభుత్వాన్ని ఇబ్బందిపెట్టే చర్చకు రోజు వారీ జాబితాలో చోటు దొరకకపోతే ఆ పత్రాలు ఆయన సంచిలోనే ఉండిపోయేవి. ఒకప్పటి ఎమ్డెన్ కుర్చీలో ఉండటం ఇక్కడ ఉపకరించింది.

1961లో మరో రెండు సంఘటనలు. ఒకదానిలో ఆయన పెద్దరికం కనిపిస్తుంది, రెండోదానిలో సభ కరకుదనం.

మొదటిది వరకట్న నిషేధ బిల్లు. పెళ్లి సమయంలో ఇచ్చే కానుకలను కట్నంగా లెక్కించాలా వద్దా అన్న నిర్వచనం దగ్గర లోక్‌సభ, రాజ్యసభ ఏకాభిప్రాయానికి రాలేదు. రాజ్యాంగంలో ఉన్నా అంతవరకు ఎవరూ వాడని 108వ అధికరణం బయటికి వచ్చింది. 1961 మే 6, 9 తేదీల్లో ఉభయసభలు సెంట్రల్ హాలులో కలిసి కూర్చున్నాయి. స్వతంత్ర భారతంలో ఇదే మొదటి సంయుక్త సమావేశం. దానికి అధ్యక్షత వహించాల్సింది లోక్‌సభ స్పీకరే. పోలికకు మునుపటి ఉదాహరణ లేదు. మాట్లాడే వరస, సవరణల క్రమం, ఓటింగు అన్నీ కొత్తగా కుదుర్చుకోవాలి. రెండు రోజుల్లో పని పూర్తయింది, అదే నెలలో చట్టమైంది. కానుకలకు మినహాయింపు ఇచ్చిన వివరణ చట్టంలో నిలిచింది. ఆ సందు గుండానే కట్నం దశాబ్దాలపాటు దర్జాగా నడిచివెళ్లిందని తెలుగు ఇళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సభ ఎంత పద్ధతిగా నడిచినా చేసిన చట్టంలో చిల్లు ఉండవచ్చు.

రెండోది బ్లిట్జ్ పత్రిక వ్యవహారం. కృపలానీ లోక్‌సభలో చేసిన ప్రసంగం మీద ఆ వారపత్రిక ఎకసెక్కెంగా, దురుసుగా రాసింది. సభాహక్కుల ఉల్లంఘన అని తేల్చారు. సంపాదకుడు ఆర్.కె. కరంజియాను పిలిపించి, 1961 ఆగస్టు 29న సభ కటకటాల వద్ద నిలబెట్టారు. అయ్యంగార్ సభ తరఫున మందలింపు చదివారు. విలేఖరి గ్యాలరీ పాస్ రద్దయింది. రాత హుందాగా లేదన్నది నిజమే. అయినా ప్రజాప్రతినిధుల సభ ఒక పత్రికా సంపాదకుణ్ని అలా నిలబెట్టి చీవాట్లు పెట్టడం వలస కాలపు దర్బారును గుర్తుచేస్తుంది. పత్రికలకు రక్షణ ఇచ్చిన ఫిరోజ్ గాంధీ చట్టం, ఈ మందలింపు, రెండూ అయ్యంగార్ పదవీకాలంలోనివే.

కుర్చీ దిగాక

1962 ఎన్నికల్లో చిత్తూరు మళ్లీ ఆయన్నే గెలిపించింది. ఈసారి స్పీకర్ పదవి హుకుంసింగ్‌కు వెళ్లింది. మే నెలలో అయ్యంగార్ లోక్‌సభ సభ్యత్వం వదిలి బిహార్ గవర్నర్ అయ్యారు. ఆ ఖాళీకి జరిగిన ఉపఎన్నికలో స్వతంత్ర పార్టీ నేత ఎన్.జి. రంగా చిత్తూరు నుంచి లోక్‌సభకు వచ్చారు. 1934లో ఢిల్లీకి కలిసి వెళ్లినవారు ఇలా సీటు మార్చుకున్నారు.

గవర్నర్ పదవి స్వీకరించడం సబబేనా అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. స్పీకర్ నిష్పక్షపాతం కుర్చీలో ఉన్నన్నాళ్లకే పరిమితమైతే చాలదు. రేపు ప్రభుత్వం ఇవ్వగల పదవి మీద ఆశ లేదన్న నమ్మకం ప్రతిపక్షానికి ఉండాలి. అయ్యంగార్ అలా ఆశపడి వ్యవహరించారనడానికి ఆధారం లేదు, ముంధ్రా చర్చ అందుకు విరుద్ధంగానే సాక్ష్యం చెబుతుంది. అయినా దారి పడింది. హుకుంసింగ్ కూడా స్పీకర్ పదవి ముగిశాక రాజస్థాన్ గవర్నర్ అయ్యారు. 1967లో స్పీకర్ అయిన సంజీవరెడ్డి పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేసి మరో సంప్రదాయం వేయబోయారు. తర్వాతివారు ఆ దారిలో నడవలేదు.

బిహార్‌లో అయ్యంగార్ అయిదున్నరేళ్లు ఉన్నారు. 1966-67 కరవు, ఆ తర్వాత మహామాయా ప్రసాద్ సిన్హా నేతృత్వంలో తొలి కాంగ్రెసేతర ప్రభుత్వం, ఫిరాయింపుల గోల అన్నీ రాజభవన్ నుంచి చూశారు. 1967 డిసెంబరులో పదవి ముగిసింది. ఆపైన సంస్కృతం, వైష్ణవ తత్త్వం, తిరుపతి. పార్లమెంటు పనితీరు మీద ఇంగ్లీషులో ఓ పుస్తకం కూడా రాశారు.

1978 మార్చి 19న, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రెండు నెలలు తిరగకముందే, మే 16న, బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు కోసం పార్లమెంటు ఉభయసభలు స్వాతంత్ర్యం తర్వాత రెండోసారి సంయుక్తంగా సమావేశమయ్యాయి. రాష్ట్రపతి భవన్‌లో అప్పుడు ఉన్నది నీలం సంజీవరెడ్డి. ఇలాంటి సమావేశం ఎలా నడపాలో చూసుకోవడానికి పార్లమెంటు దగ్గర అప్పటికి ఒకే ఒక్క ఉదాహరణ ఉంది. అది 1961 మేలో అయ్యంగార్ నడిపినది.